జబ్బ ఎముక అతుక్కుంది సరే, చెయ్యి పైకి లేవదేం?

చేతులు విరిగినవాళ్ల ఉత్తరాలు ఈసారి కట్టకట్టి వచ్చాయి. వానలకు నాపబండలు పాచిపట్టాయంటే కర్నూలులో నా దగ్గరికి ఫిజియోథెరపీకి వచ్చేవాళ్ల తీరే మారిపోతుంది, ఉత్తరాలూ అంతే. మెడనొప్పులవాళ్లు, మోకాళ్లవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి. ఈసారి జబ్బ ఎముకకే చోటు.

ప్రశ్న: మా అత్తకు అరవై రెండేళ్లు. బట్టలుతికే బండ దగ్గర జారిపడి కుడి భుజం కింద ఎముక విరిగింది. డాక్టరు ఆపరేషన్ అక్కర్లేదని మెడకు స్లింగ్ తగిలించి పంపారు. మూడు వారాలకు మళ్లీ ఎక్స్‌రే తీసి, ఇక చెయ్యి కదిలించమన్నారు. ఆమె స్లింగ్ ముట్టుకోనివ్వదు. "అతుక్కోకముందే కదిలిస్తే మళ్లీ ఊడొస్తుంది" అంటుంది. చుట్టాలేమో పుత్తూరు కట్టు కట్టించి ఉంటే ఈపాటికి బాగయ్యేది కదా అని దెప్పుతున్నారు. ఏం చేయమంటారు?
- ఒక కోడలు, కోడుమూరు

జవాబు: మీ అత్త భయంలో సగం నిజముందమ్మా. మొదటి రోజుల్లో విరిగిన ముక్కలు అటూ ఇటూ కదులుతాయి, అందుకే స్లింగ్. మూడు వారాలకల్లా ఆ ముక్కల మధ్య మెత్తటి కొత్త ఎముక పట్టుకోవడం మొదలవుతుంది. డాక్టరు ఎక్స్‌రే చూసి మరీ కదిలించమన్నారంటే ఆ పట్టు కనిపించిందనే. ఇక ఇక్కడినుంచి కదిలించడం కన్నా కదిలించకపోవడమే ఎక్కువ ప్రమాదం. భుజం కీలు చుట్టూ ఉండే పొర బిగుసుకుపోతుంది. ఎముక ఎవరూ చెప్పకపోయినా తన పని తాను చేసుకుంటుంది. కీలుకు మాత్రం రోజూ పని చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఈ బిగుతు ఇంకా తొందరగా వస్తుంది. మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, ఆమెకు షుగర్ ఉంటే ఒక్క వారం కూడా వాయిదా వేయకండి.

చుట్టాల మాట. మన సీమలో చెయ్యి విరిగిన ప్రతి ఇంట్లో పుత్తూరు పేరు వస్తుంది. ఆ నమ్మకం తరాలది, దానితో నాకు పేచీ లేదు. కాకపోతే ఎవరు కట్టినా ముందు ఎక్స్‌రే తీయించి తీరాలి. కట్టాక వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, ఎవరైనా వేళ్లు చాపితే ఓర్వలేని నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా విప్పించాలి. పైగా మీ అత్తకు విరిగింది భుజం మొదట్లో. అక్కడ బిగించి కట్టడానికి కట్టుకు చోటే దొరకదు. కిందికి వేలాడే చెయ్యి బరువే ముక్కల్ని కొంతవరకు దారిలో పెడుతుంది. ఆపరేషన్ చేయకపోతే డాక్టరు పట్టించుకోనట్టని కూడా అనుకోవద్దు. ఇలా భుజం మొదట్లో విరిగి ముక్కలు పక్కకు జరిగిన 250 మందిని బ్రిటన్‌లో రెండేళ్లపాటు గమనించి, ఫలితాలు 2015లో ప్రకటించారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకూ, స్లింగ్‌తో సరిపెట్టినవాళ్లకూ చేతి పనితీరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందరికీ ఇదే వర్తించదు, కొన్ని విరుగుళ్లకు ఆపరేషన్ తప్పదు. ఆ తేడా ఎక్స్‌రే చూసిన డాక్టరుకు తెలుస్తుంది.

ఇప్పుడు చేయించాల్సినవి. మొదటిది చెయ్యి ఊపడం. ఆమెను బల్ల పక్కన నిలబెట్టండి. మంచి చెయ్యి బల్లమీద ఆనించి, నడుం దగ్గర వంగి, దెబ్బ తగిలిన చేతిని నేలకేసి వదిలేయాలి. ఆ తర్వాత ఊగాల్సింది నడుము. నడుము ముందుకూ వెనక్కీ కదిలితే చెయ్యి బావిలోకి వదిలిన చేదలా దానంతటదే ఊగుతుంది. ముందుకూ వెనక్కీ కాసేపు, పక్కలకు కాసేపు, ఆ తర్వాత చిన్న పళ్లెమంత సున్నాలు చుట్టడం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఇక్కడే చెయ్యిని కండబలంతో ఊపుతారు, భుజం బిగబట్టి, పళ్లు కొరుక్కుంటూ. అది ఈ ఎక్సర్‌సైజు కాదు. పక్కన నిలబడి మీరు చూస్తూ ఉండండి, మోచెయ్యి వదులుగా వేలాడుతోందా, బిర్రుగా ఉందా అని. వంగితే తల తిరుగుతుందంటే కుర్చీలో కూర్చోబెట్టి పక్కకు వాలమనండి. ఒక్కోసారి ఐదు నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు. పొద్దున్నే అరగంట ఒక్కసారే చేసి రోజంతా వదిలేయడం కన్నా ఇదే మేలు.

చెయ్యి వేలాడుతున్న ఆ సమయంలోనే చంక కడగండి. మూడు వారాలు స్లింగ్‌లో ఉన్న చంకలో చెమట పట్టి చర్మం ఒరుసుకుపోయి ఉంటుంది, సిగ్గుపడి చాలామంది చెప్పరు. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్దండి, రుద్దొద్దు. జాకెట్టు తొడిగేటప్పుడు దెబ్బ చెయ్యి ముందు, తీసేటప్పుడు చివర.

రెండోది బల్ల తుడవడం. బల్ల ముందు కూర్చోబెట్టి, అరచేతి కింద మడిచిన టవలు పెట్టి, నడుం వంచుతూ చేతిని ముందుకు జరపమనండి. చెయ్యి లేచే పని లేదు, జారితే చాలు. మూడోది మంచం మీద. వెల్లకిలా పడుకుని రెండు చేతుల్తో చీపురుకట్ట పొడవు కర్ర పట్టుకోవాలి. మంచి చెయ్యి కర్రను పైకి లేపుతుంది, దెబ్బ చెయ్యి ఊరికే వెంట వెళ్తుంది. అదే కర్రతో ఇంకొకటి. మోచేతిని పక్కటెముకలకు ఆనించి, మధ్యలో చిన్న టవలు చుట్ట పెట్టి, మంచి చేత్తో కర్రను నెట్టి దెబ్బ చేతిని బయటివైపు తిప్పించాలి. దీన్ని జనం వదిలేస్తారు, బోరు కొడుతుందని. కానీ భుజం బిగుసుకున్నప్పుడు ముందు పోయేది ఈ తిరుగుడే, ఇది లేకుండా చెయ్యి తలదాకా పోదు.

ఐదారు వారాలకు డాక్టరు సరేనంటే గిలక కట్టండి. ఊళ్లో బావులన్నీ ఎండి బోర్లొచ్చాక పాత గిలకలు అటకమీద పడున్నాయి కదా, ఒకటి దించి వసారా దూలానికి గట్టిగా కట్టి, తాడు వేసి, కింద కుర్చీ వేయండి. మంచి చేత్తో కిందికి లాగితే దెబ్బ చెయ్యి పైకి లేస్తుంది. తాడుతో పని కాబట్టి అది ఊడిరాదని మీరు ముందు వేలాడి చూడండి. ఆరు వారాల ఎక్స్‌రే బాగుంటే అప్పుడు గోడ దగ్గరికి. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించడం, అందినంత ఎత్తున సుద్దముక్కతో గీత. ఇక్కడ ఒక మోసం జరుగుతుంది. చెయ్యి లేవకపోతే భుజాన్ని చెవిదాకా ఎగరేసి, నడుం పక్కకు వంచి గీత దాటిస్తారు. ఎదురుగా అద్దం పెట్టండి. భుజం ఎగరకుండా వచ్చిన ఎత్తే లెక్క.

నొప్పి లేకుండా ఇవేవీ సాగవు. చేసేముందు పది నిమిషాలు వేడి కాపడం, డాక్టరు రాసిన నొప్పి మాత్ర అరగంట ముందు. చేశాక గంటలోపు నొప్పి సర్దుకుంటే సరిగ్గా చేసినట్టు. రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి వచ్చిందంటే మర్నాడు సగం చేయించండి, మానేయొద్దు. రాత్రి వీపు కింద దిండ్లు పేర్చి సగం కూర్చున్నట్టుగా, మోచేతి కింద ఇంకో దిండు పెట్టి పడుకోబెట్టండి. స్లింగ్‌ను ఒక్కసారిగా లాక్కోకండి. ఇంట్లో కూర్చున్నప్పుడు తీసి, బస్సెక్కేటప్పుడూ పడుకునేటప్పుడూ వేసి, ఆరో వారానికి మెల్లగా మాన్పించండి. మూడు నెలల వరకు బిందె, బకెట్ ఆ చేత్తో వద్దు. చెయ్యి మెరుగుపడటం ఏడాది దాకా సాగుతూనే ఉంటుంది కాబట్టి రెండో నెలలోనే నిరాశ పడనివ్వకండి.

ప్రశ్న: నాకు ముప్పై నాలుగేళ్లు, మగ్గం నేస్తాను. బండి మీదనుంచి పడి కుడి జబ్బ ఎముక మధ్యలో విరిగింది. ప్లేటు వేసి ఐదు వారాలైంది. గాయం మానింది గానీ మణికట్టు వేలాడుతోంది, పైకి లేపలేను. బొటనవేలి వెనక స్పర్శ లేదు. నరం తెగిందా? మగ్గం ఎప్పుడెక్కొచ్చు? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఒక నేతన్న, ఎమ్మిగనూరు

జవాబు: అన్నా, జబ్బ ఎముక మధ్యలో వెనకవైపు ఎముకకు ఆనుకునే రేడియల్ నరం చుట్టుకుని కిందికి దిగుతుంది. మణికట్టును, వేళ్లను పైకి లేపేది ఆ నరమే. ఎముక విరిగినప్పుడు అది లాగినట్టో నలిగినట్టో అవుతుంది. చాలామందిలో తెగదు, దానంతటదే కోలుకుంటుంది. ఆపరేషన్ చేసిన డాక్టరును ఒక మాట సూటిగా అడగండి: లోపల నరం కనిపించిందా, ఎలా ఉంది అని. పడ్డప్పటినుంచే మణికట్టు వేలాడుతోందా, ఆపరేషన్ తర్వాత మొదలైందా అన్నది కూడా గుర్తు తెచ్చుకుని చెప్పండి. చికిత్స దారి దాన్ని బట్టి ఉంటుంది.

నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, అంటే నెలకు అంగుళం. అందుకే నెలలు పడుతుంది. ముందు మణికట్టు కొద్దిగా లేస్తుంది, తర్వాత వేళ్లు, చివరికి బొటనవేలు. ఈలోగా మీ పని ఒకటే, వేళ్లు బిగుసుకుపోకుండా చూసుకోవడం. మణికట్టును పైకి పట్టి ఉంచే స్ప్లింట్ దొరుకుతుంది, పగలంతా వేసుకోండి. గంట గంటకు తీసి, ఎడమ చేత్తో మణికట్టును పైకి వంచి, ఒక్కో వేలినీ చాపి వదలండి. మోచెయ్యి, భుజం కదలికలు సరేసరి, ప్లేటు పడింది కాబట్టి అవి ఈపాటికే మొదలై ఉండాలి. స్పర్శ లేనిచోట వేడి కాపడం పెట్టొద్దు, కాలినా తెలియదు. మూడు నెలలు దాటుతున్నా చిన్న కదలిక కూడా రాకపోతే నరం పరీక్ష చేయించి, నరాల ఆపరేషన్లు తెలిసిన డాక్టరుకు చూపించండి. ఏడాది ఊరికే ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

మగ్గం సంగతి. మీది తాడు లాగి నాడె విసిరే మగ్గమే అయితే కుడి చెయ్యి పూటకు కొన్ని వందలసార్లు ఒకే లాగుడు లాగాలి. బరువు తక్కువే గానీ లెక్క ఎక్కువ. ఎముక గట్టిపడటానికి మూడు నెలలు వేసుకోండి, ఆపైన మణికట్టు లేవాలి. మొదట అరగంట చొప్పున కూర్చుని చూడండి. అప్పటిదాకా కండెలు చుట్టే పని మంచి చేత్తో చేసుకుంటే చేతులు ఖాళీగా ఉన్నాయన్న బెంగ కొంత తగ్గుతుంది. కూలి పోయిందన్న బెంగ దీంతో తీరదని నాకు తెలుసు.

ప్రశ్న: చెయ్యి విరిగి నాలుగు నెలలైంది. ఎముక అతికిందన్నారు. కానీ జాకెట్టు వెనక హుక్కులు పెట్టుకోలేను, కొప్పు చుట్టుకోలేను, రొట్టె తట్టాలంటే భుజం పట్టేస్తుంది. ఒకావిడ నూనె పట్టించి చెయ్యి లాగి లాగి మర్దన చేసింది, నొప్పి రెట్టింపైంది. ఇంక నా చెయ్యి ఇంతేనా?
- ఆదోని పాఠకురాలు, 45

జవాబు: ఇంతే కాదక్కా. మీరు రాసిన మూడు పనుల్లో వీపు వెనక్కి చెయ్యి పోవడం అన్నిటికన్నా ఆఖరున వచ్చేది. దాన్నే కొలబద్దగా పెట్టుకుంటే రోజూ ఏడుపే మిగులుతుంది. ముందువైపు హుక్కులుండే జాకెట్లు రెండు కుట్టించుకోండి, ఆ పోరు అక్కడితో ఆగుతుంది.

మర్దన ఆపేయండి. నూనె రాసి కండమీద మెల్లగా నిమిరితే హాయిగా ఉంటుంది, తప్పు లేదు. చెయ్యి పట్టి లాగడం వేరు. వాచి ఉన్న పొరను బలవంతంగా సాగదీస్తే అది ఇంకా వాచి ఇంకా బిగుస్తుంది. రెండు మూడు రోజులు చెయ్యిని కాస్త తేలికగా ఉంచి, కాపడం పెట్టి, మళ్లీ మొదలుపెట్టండి. పైన కోడుమూరు అత్తకు చెప్పిన కర్ర, గోడ ఎక్సర్‌సైజులు మీకూ పనికొస్తాయి. వాటికి తోడు పొడవాటి టవలు. మంచి చెయ్యి భుజం మీదుగా టవలు వీపు వెనక్కి వేయండి, దెబ్బ చేత్తో కింది కొస పట్టుకోండి, పై చెయ్యి మెల్లగా పైకి లాగాలి. సాగుతున్నట్టు అనిపించిన చోట ఇరవై లెక్కపెట్టి వదలండి.

మీది నాలుగో నెల కాబట్టి బలం కోసం కూడా చేయాలి. అర లీటరు నీళ్ల బాటిలు అంటే అర కిలో, అంతకన్నా బరువుతో మొదలుపెట్టొద్దు. మోచెయ్యి వంచి పక్కటెముకలకు ఆనించి, మందుల షాపులో దొరికే రబ్బరు బ్యాండును తలుపు గడియకు కట్టి, లోపలికీ బయటికీ లాగడం. పదిసార్లు లాగి విశ్రాంతి, మళ్లీ పదిసార్లు.

రొట్టె గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే జొన్నరొట్టె తట్టలేకపోతున్నానన్న మాట కర్నూలు జిల్లాలో ఆడవాళ్ల నోట నేను వినని వారం లేదు. ఆ పనిలో చెయ్యి భుజం ముందుకు చాచి, అరచేత్తో తడుతూ, రెండో చేత్తో తిప్పుతూ ఉండాలి. వంటగట్టు ఎత్తుగా ఉంటే భుజం పూర్తిగా పైకి లేచి తట్టాల్సి వస్తుంది. నేలమీద పీటేసుకుని, లేదా తక్కువ ఎత్తు బల్ల దగ్గర, మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉండేలా తట్టి చూడండి. పిండి ముద్ద చిన్నది చేయండి, రొట్టె కాస్త చిన్నదైతే ఎవరూ అలగరు. సంగటి కెలకడం మాత్రం ఇంకో రెండు నెలలు ఇంట్లో మగవాళ్లకు అప్పజెప్పండి. ఆ ముద్ద తెడ్డును పట్టుకుని లాగే లాగుడుకు నా భుజమే నొప్పెడుతుంది. ఇవన్నీ ఆరు వారాలు మానకుండా చేశాక కూడా చెయ్యి భుజం ఎత్తుకు లేవకపోతే ఎముకల డాక్టరుకు మళ్లీ చూపించండి. భుజం కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీ, అదే టెండన్, చిరిగిందేమో స్కాన్‌లో తెలుస్తుంది.

ప్రశ్న: మా నాన్నకు చెయ్యి విరిగినప్పటినుంచి రోజూ నల్లి ఎముకల సూపు తాగిస్తున్నాం. దాంతో ఎముక త్వరగా అతుకుతుందా? విటమిన్ డి మాత్రలు కూడా తెచ్చి రోజుకొకటి వేస్తున్నాం.
- కడప నుంచి ఒక కొడుకు

జవాబు: ఆ మాత్ర అట్ట తీసి అంకె చూడండి. 60,000 యూనిట్లు అని ఉంటే అది మామూలుగా వారానికి ఒకటి వేసే మాత్ర, రోజూ వేసేది కాదు. అలా అయితే ఈరోజే ఆపి, ఎన్ని వేశారో డాక్టరుకు చెప్పండి. డి విటమిన్ మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు చేటు.

సూపు రుచికి తాగండి. ఎముక ఎంత ఉడికినా అందులోని కాల్షియం నీళ్లలోకి దిగేది చాలా తక్కువ. 100 గ్రాముల రాగిపిండిలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఇంట్లో సంగటి ఉండగా సూపు దగ్గర ఎందుకు వెతుక్కోవడం? గ్లాసు పాలు, పెరుగు, గుడ్లు, పప్పు, గుప్పెడు వేరుశనగలు చేర్చండి. అతుక్కునే ఎముకకు ప్రొటీన్ కూడా కావాలి. బీడీ తాగుతారా? తాగితే సూపుకు పెట్టే డబ్బు కన్నా అది మాన్పించడం వల్ల ఎక్కువ లాభం, పొగ ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది. ఇంకొకటి, నిలబడ్డ ఎత్తునుంచి పడితేనే విరిగిందంటే ఎముకలు గుల్లబారాయేమో డెక్సా స్కాన్ చేయించండి. ఈసారి చెయ్యితో పోయింది, రేపు తుంటి ఎముక కాకూడదు.

ప్రశ్న: మా ఏడేళ్ల పిల్లవాడు చింతచెట్టు మీదనుంచి పడ్డాడు. మోచేతి పైన విరిగితే పిండికట్టు వేశారు. విప్పాక చెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నాడు. బకెట్ మోయిస్తే సాగుతుందంటున్నారు.
- గుత్తి నుంచి ఒక తల్లి

జవాబు: మోయించకండి, లాగించకండి. పిల్లల మోచెయ్యిని బలవంతం చేస్తే కండలో ఎముక పేరుకుని మరింత బిగుసుకునే ప్రమాదం ఉంది. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో ఆడుకోనివ్వండి, అన్నం ఆ చేత్తోనే తిననివ్వండి, బంతి విసరనివ్వండి. చాలామంది పిల్లలకు కొన్ని నెలల్లో ఆటల్లోనే సర్దుకుంటుంది. చెయ్యి వంకరగా కనిపించినా, వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయన్నా మాత్రం ఆగకుండా డాక్టరుకు చూపించండి. చెట్టెక్కడం సంగతి నేను చెప్పినా వినడు.

ప్రశ్న: నేను టీచర్‌ని. ఎడమ చెయ్యి విరిగి పది వారాలైంది. కరెంటు పెట్టే ట్రీట్‌మెంట్ పది రోజులు చేయించుకున్నాను, నొప్పి తగ్గింది. స్కూటీ నడపొచ్చా?
- అనంతపురం

జవాబు: కరెంటు నొప్పిని తగ్గిస్తుంది, చేతిని లేపదు. నొప్పి తగ్గిన ఆ వేళలోనే ఎక్సర్‌సైజులు చేయాలి, లేకపోతే పెట్టిన డబ్బులు దండగ. స్కూటీకి ముందు ఇంట్లోనే మూడు చూసుకోండి. బండి స్టాండు మీద ఉండగా రెండు హ్యాండిళ్లూ భుజం పట్టకుండా అటూ ఇటూ పూర్తిగా తిరగాలి. ఎడమ చేతి బ్రేకు గట్టిగా, గబుక్కున నొక్కగలగాలి. బండిని స్టాండు మీదనుంచి మీరే దించగలగాలి. మూడూ వచ్చి, ఎక్స్‌రే చూసి డాక్టరు ఒప్పుకుంటే ముందు ఖాళీ వీధిలో నడిపి చూడండి. అంతవరకు ఆటోలో వెళ్లండి, బ్యాగు కుడి భుజానికి తగిలించుకుని.